హరిత హైడ్రోజన్... ముందు మన ఉక్కుకే!

విశాఖ పాతనగరంలో ఓడరేవుకు దగ్గరగా ఉన్న ఇళ్లలో బొగ్గు దుమ్ము రోజూ పలకరించే చుట్టం. పొద్దున తుడిచిన కిటికీ చువ్వలు సాయంత్రానికి మళ్లీ నల్లబడతాయి. రేవులో దిగే బొగ్గు, ఆ బొగ్గుతో మండే ఉక్కు కొలిమి, పరవాడలో 2,000 మెగావాట్ల సింహాద్రి థర్మల్ కేంద్రం... వేల కుటుంబాలకు ఇవే కూడు పెడుతున్నాయి. ఇప్పుడు ఇదే నగరం స్వచ్ఛ ఇంధనానికి చిరునామా కాబోతోంది. ప్రభుత్వం ఇస్తున్న ఊతం మొదట ఎవరికి అక్కరకు రావాలో తేల్చుకోవాల్సిన సమయమిది.

నీళ్ల మీద కరెంటు పంట

సింహాద్రి కేంద్రానికి నీరందించే జలాశయంపై ఎన్‌టీపీసీ 2021 ఆగస్టులో 25 మెగావాట్ల తేలియాడే సౌర కేంద్రాన్ని ప్రారంభించింది. అప్పటికి దేశంలో ఈ తరహా వాటిలో అదే అతిపెద్దది. 75 ఎకరాల నీటిపై లక్షకు పైగా సౌర ఫలకాలు పరుచుకున్నాయి. భూసేకరణ గొడవ లేదు. కింద నీరుండటంతో ఫలకాలు అంతగా వేడెక్కవు, వాటి నీడలో నీరూ తక్కువగా ఆవిరవుతుంది. థర్మల్ కేంద్రాలు తామివ్వాల్సిన కరెంటులో కొంత సౌరవిద్యుత్తుతో సర్దుబాటు చేసుకోవచ్చని 2018లో కేంద్రం కల్పించిన వెసులుబాటే దీనికి దారి చూపింది. నగరంలోని ముడసర్లోవ జలాశయంపై స్మార్ట్ సిటీ సంస్థ 2 మెగావాట్ల కేంద్రం పెట్టింది. ఓడరేవుకూ సొంతంగా 10 మెగావాట్ల సౌర కేంద్రం ఉంది.

డాబా మీదకూ...

2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం కింద ఇంటిపై 2 కిలోవాట్ల సౌర ఫలకాలకు రూ.60 వేలు, 3 కిలోవాట్లు, ఆపైన అయితే రూ.78 వేల రాయితీ వస్తుంది. మిగులు కరెంటు నెట్ మీటర్ ద్వారా గ్రిడ్‌కు వెళ్తుంది. సొంత డాబా ఉన్నవారికి మేలైన పథకమే. అద్దె ఇళ్లలో, అపార్ట్‌మెంట్లలో ఉండేవారికి మాత్రం ఇది అంత తేలిగ్గా అందదు. పైగా ఉప్పుగాలికి ఇనుప ఫ్రేములు తుప్పుపట్టే ఊరిది. నాణ్యతపై తనిఖీ లేకపోతే రాయితీ సొమ్ము గాలిపాలే.

రెండు నిర్ణయాలు, ఒకే నెల

ఇలాంటి సౌర, పవన విద్యుత్తుతో నీటిని విడగొట్టి తీసేదే గ్రీన్ (హరిత) హైడ్రోజన్. విశాఖకు దగ్గర్లోని పూడిమడక తీరంలో రానున్న గ్రీన్ హైడ్రోజన్ హబ్‌కు 2025 జనవరి 8న ప్రధాని మోదీ విశాఖలో శంకుస్థాపన చేశారు. పెట్టుబడి సుమారు రూ.1.85 లక్షల కోట్లు. లక్ష్యం రోజుకు 1,500 టన్నుల హైడ్రోజన్, దానితో తయారయ్యే 7,500 టన్నుల ఇతర ఉత్పత్తులు. చూపు ప్రధానంగా ఎగుమతుల మీదే. అదే నెలలో విశాఖ ఉక్కు కర్మాగారాన్ని నిలబెట్టేందుకు కేంద్రం రూ.11,440 కోట్ల ప్యాకేజీ ప్రకటించింది. ఈ రెంటినీ ముడిపెట్టాలి.

ఎందుకంటే, ఖనిజంలోని ఆక్సిజన్‌ను తొలగిస్తేనే ఇనుము వస్తుంది. ఆ పని బొగ్గు నుంచి తీసిన కోక్ చేస్తే కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది, హైడ్రోజన్ చేస్తే నీటి ఆవిరి. 2026 నుంచి ఐరోపా సమాఖ్య కర్బన భారం ఎక్కువున్న దిగుమతి ఉక్కుపై సుంకం వేస్తోంది. రేపటి మార్కెట్లో నిలవాలంటే కొలిమి మారక తప్పదు.

హరిత హైడ్రోజన్ ఇప్పటికి ఖరీదైనదే. కిలో తయారీకి 50 యూనిట్లకు పైగా కరెంటు కావాలి. ఆ ఖరీదును తగ్గించడానికే కదా, 2023లో రూ.19,744 కోట్లతో జాతీయ గ్రీన్ హైడ్రోజన్ మిషన్ వచ్చింది! ఉక్కులో ప్రయోగాలకూ అందులో నిధులున్నాయి. పూడిమడక ఉత్పత్తిలో కొంత వాటాను విశాఖ ఉక్కుకు దీర్ఘకాలిక ఒప్పందంతో కేటాయించాలి. తీరంలోని మత్స్యకారుల పిల్లలకు ఆ హబ్‌లో శిక్షణ, కొలువు దక్కాలి. తీరం మనది, ఎండ మనది, పోరాడి సాధించుకున్న కర్మాగారమూ మనదే. ఎగుమతి ఒప్పందాలు ఖరారు కాకముందే రాష్ట్ర ప్రభుత్వం, మన ఎంపీలు ఈ వాటాను రాతపూర్వకంగా సాధించాలి.