కంటి ఆపరేషన్‌లో వాడే ‘ఫెమ్టో’ లేజర్.. ఆ మెరుపు ఎంతసేపుందో ఎలా కొలుస్తారు?

పిల్లల కళ్లద్దాలు తీసేయించాలని సిరికొండ, బోధన్ వైపు నుంచి నిజామాబాద్‌కో హైదరాబాద్‌కో వెళ్లిన కుటుంబాలకు ‘ఫెమ్టో లాసిక్’ అనే మాట కొత్త కాదు. బ్లేడు లేకుండా లేజర్‌తోనే కంటి పైపొరను కోస్తామని డాక్టర్లు చెబుతారు. ఖర్చు కాస్త ఎక్కువని కూడా చెబుతారు. ఆ ‘ఫెమ్టో’ అంటే ఏంటన్నది మాత్రం విడమరిచి చెప్పే తీరిక అక్కడ ఎవరికీ ఉండదు.

సెకనును 10 కోట్ల కోట్ల ముక్కలు చేస్తే అందులో ఒక్క ముక్క ఫెమ్టోసెకను. వెలుగు సెకనుకు 3 లక్షల కిలోమీటర్లు పోతుంది. సిరికొండలో బయల్దేరితే కన్ను మూసి తెరిచేలోపు హైదరాబాద్ దాటి ఎక్కడికో పోతుంది. అంత వేగం గల వెలుగు కూడా ఒక తలవెంట్రుక మందం దాటడానికి దాదాపు 300 ఫెమ్టోసెకన్లు తీసుకుంటుంది. కంటి ఆపరేషన్‌లో వాడే ఒక్కో మెరుపు ఇంచుమించు అంతసేపే ఉంటుంది.

ఇంత పొట్టి మెరుపు ఎందుకంటే, వేడి పక్కకు పాకే టైమ్ దొరకదు. కంటి నల్లగుడ్డు మీది పారదర్శక పొర, అంటే కార్నియా, మందం అర మిల్లీమీటరు మాత్రమే. లేజర్ దాని పైభాగాన్ని ముట్టకుండా లోపలికి వెళ్లి, సరిగ్గా కేంద్రీకరించిన చోట చిన్న బుడగ పుట్టిస్తుంది. అలాంటి బుడగలు వేలకొద్దీ పక్కపక్కన పడితే పొర విడిపోతుంది. అదే శక్తితో మెరుపు సాగిపోయి పొడవైతే తీవ్రత తగ్గుతుంది, కోత సరిగా పడదు. శక్తి పెంచితే చుట్టుపక్కల దెబ్బతింటుంది. పైగా మందమైన గాజు గుండా పోయినా ఈ మెరుపులు సాగుతాయి. అందుకే మెరుపు నిజంగా ఎంత పొట్టిదో కొలిచి చూసుకోవాలి.

కొలవడానికి గడియారం పనికిరాదు. అతి వేగంగా పనిచేసే ఎలక్ట్రానిక్ పరికరాలు కూడా పికోసెకన్ల దగ్గరే ఆగిపోతాయి. పికోసెకను అంటే వెయ్యి ఫెమ్టోసెకన్లు. అందుకని శాస్త్రవేత్తలు వెలుగును వెలుగుతోనే కొలుస్తారు.

కోతల కాలంలో ధాన్యం ట్రాక్టర్లను ఊహించుకోండి. అచ్చం ఒకేలాంటి రెండు బారులు రెండు దారుల్లో వచ్చి ఒకే కూడలిలో కలుస్తున్నాయి. రెండూ ఒకేసారి వస్తే జామ్ బాగా ఎక్కువ. ఒకదాన్ని కాసేపు ఆపి వదిలితే జామ్ తగ్గుతుంది. ఇంకా ఆలస్యం చేస్తే ఒక బారు పూర్తిగా వెళ్లిపోయాకే రెండోది వస్తుంది, జామే ఉండదు. ఎంత ఆలస్యానికి జామ్ పోయిందో తెలిస్తే బారు ఎంత పొడవో తెలిసిపోయినట్టే.

ల్యాబ్‌లో జరిగేదీ ఇదే. ఒక మెరుపును సగం అద్దంతో రెండుగా చీలుస్తారు. రెండూ ఒక ప్రత్యేక స్ఫటికంలో కలుస్తాయి. ఒకేసారి కలిస్తేనే కంటికి సరిగా కనపడని పరారుణ వెలుగు నుంచి నీలం వెలుగు గట్టిగా పుడుతుంది. ఒక సగం దారిలోని అద్దాన్ని 15 మైక్రాన్లు వెనక్కి జరిపితే, పోనూ రానూ 30 మైక్రాన్లు పెరిగి, 100 ఫెమ్టోసెకన్ల ఆలస్యం వస్తుంది. అద్దం జరుపుతూ నీలం వెలుగు ఎక్కడ తగ్గిందో చూస్తారు. కాలాన్ని దూరంగా మార్చి స్కేలుతో కొలిచినట్టన్నమాట.

ఇందులో ఒక లోపం ఉంది. జామ్‌ను చూసి బారు పొడవు చెప్పొచ్చు కానీ, పెద్ద ట్రాక్టర్లు ముందున్నాయా వెనకున్నాయా చెప్పలేం. 1990లలో అమెరికాలో రిక్ ట్రెబినో, డేనియల్ కేన్ దీనికి దారి చూపారు. ఆ నీలం వెలుగులోని రంగులను కూడా విడదీసి నమోదు చేస్తే, మెరుపులో ఏ రంగు ముందొచ్చిందో, ఆకారం ఎలా ఉందో లెక్క కట్టొచ్చు. ఈ పద్ధతి పేరు ఫ్రాగ్.

ఈ మెరుపులను కెమెరాలా వాడి, రసాయన బంధాలు తెగే క్షణాన్ని చూపించినవాడు ఈజిప్టులోని దమన్‌హూర్‌లో పుట్టిన అహ్మద్ జువైల్. 1999లో కెమిస్ట్రీ నోబెల్ ఆయన ఒక్కరికే వచ్చింది. ఆ తర్వాత పందెం ఇంకో వెయ్యి రెట్లు చిన్నదైన అట్టోసెకన్లకు చేరింది. 2001లో పియర్ అగోస్తిని బృందం 250 అట్టోసెకన్ల మెరుపులను కొలిచింది. 2023 ఫిజిక్స్ నోబెల్‌ను ఆయన ఫెరెంక్ క్రౌజ్, ఆన్ లుయిలియేలతో పంచుకున్నారు. అగోస్తిని పుట్టింది ట్యునీషియా రాజధాని ట్యూనిస్‌లో!

మన దగ్గర కూడా ఈ పని జరుగుతోంది. గచ్చిబౌలిలోని హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ప్రొఫెసర్ సోమా వేణుగోపాల్ రావు బృందం ఫెమ్టోసెకను లేజర్లతో పేలుడు పదార్థాలను పసిగట్టే పద్ధతుల మీద పరిశోధిస్తోంది. గోపనపల్లిలోని టీఐఎఫ్ఆర్‌లోనూ ఇలాంటి లేజర్ల మీద పని జరుగుతోంది. ఫిజిక్స్ మీద ఇష్టం ఉన్న ఇంటర్ పిల్లలు యూనివర్సిటీలో ఐదేళ్ల ఇంటిగ్రేటెడ్ ఎమ్మెస్సీకి సీయూఈటీ రాయాలి. టీఐఎఫ్ఆర్‌లో పీహెచ్‌డీ చేయాలనుకునేవాళ్లకు ఆ సంస్థే జీఎస్ పరీక్ష పెడుతుంది.