కీపర్ లీగ్ డ్రాఫ్ట్: ఫస్ట్ రౌండ్‌లో ఎవరు పోతారో ముందే ఎలా ఊహించాలి?

అమెరికాలో ఉన్న మనవాళ్ళు కొంతమంది, ఆఫీసులో కొలీగ్స్ పిలిచారని ఫాంటసీ బేస్‌బాల్ లీగ్‌లో చేరుతుంటారు. మొదటి ఏడాది ఎలాగోలా గడిచిపోతుంది. రెండో ఏడాది డ్రాఫ్ట్ రోజు తల తిరుగుతుంది. ఆన్‌లైన్‌లో దొరికే ర్యాంకింగ్ లిస్ట్ ఒకటి చెప్తుంది, డ్రాఫ్ట్‌లో జరిగేది ఇంకోటి. ఎందుకంటే అది కీపర్ లీగ్. అక్కడ ఫస్ట్ రౌండ్‌లో ఎవరు పోతారో ముందే అంచనా వేయడం ఎలా అన్నదే ఈ వీడియో.

ముందు బేసిక్స్, ఫాస్ట్‌గా. ఈ ఆట ఇప్పటి రూపంలో 1980లో న్యూయార్క్‌లో మొదలైంది. డేనియల్ ఓక్రెంట్ అనే రచయిత, ఆయన ఫ్రెండ్స్ కలిసి పెట్టారు. మీరు నిజమైన ప్లేయర్లతో ఒక టీమ్ కట్టుకుంటారు. వాళ్ళు నిజం మ్యాచుల్లో కొట్టే హోమ్ రన్లు, దొంగిలించే బేసులు, పిచర్ల స్ట్రయికవుట్లు, ఇవన్నీ మీ ఖాతాలో పడతాయి. డ్రాఫ్ట్ అంటే వంతులవారీగా ప్లేయర్లని ఎంచుకోవడం. ఒకరు తీసుకున్న ప్లేయర్ ఇంకొకరికి దొరకడు.

మరి కీపర్ అంటే? మన ఐపీఎల్ రిటెన్షన్ లాంటిదే. 2025 మెగా ఆక్షన్‌కి ముందు సన్‌రైజర్స్ ఐదుగురిని అట్టిపెట్టుకుంది. క్లాసెన్‌కి 23 కోట్లు, కమిన్స్‌కి 18, అభిషేక్, హెడ్‌లకి చెరో 14, మన విశాఖ కుర్రాడు నితీశ్‌కి 6. 120 కోట్ల పర్సులో 75 కోట్లు అక్కడే అయిపోయాయి. ఇక ఆక్షన్‌లో క్లాసెన్ పేరు వచ్చే ఛాన్సే లేదు కదా. ఇక్కడా అంతే. కాకపోతే చాలా లీగుల్లో ధర కోట్లలో ఉండదు, రౌండ్లలో ఉంటుంది. పోయిన ఏడాది ఒక ప్లేయర్‌ని 10వ రౌండ్‌లో తీసుకున్నారనుకోండి, ఈ ఏడాది మీ 10వ రౌండ్ పిక్ వదులుకుంటే ఆయన మీ దగ్గరే ఉంటాడు.

ఇప్పుడు అసలు పాయింట్. ఫస్ట్ రౌండ్‌ని ఊహించడమంటే బెస్ట్ ప్లేయర్లు ఎవరో చెప్పడం కాదు. ఎవరు మిగులుతారో చెప్పడం. అందుకే పని రివర్స్‌లో మొదలుపెట్టాలి: ముందు కీపర్లని ఊహించాలి.

దీనికి కోడింగ్ ఏమీ అక్కర్లేదు, ఫోన్‌లో ఒక షీట్ చాలు. లీగ్‌లో 12 టీములు ఉన్నాయనుకుందాం. ప్రతి ప్లేయర్ ర్యాంక్‌ని 12తో భాగించి పైకి రౌండ్ చేయండి. 30వ ర్యాంక్ ప్లేయర్ విలువ 3వ రౌండ్. ఆయన్ని ఉంచుకోవడానికి అయ్యే ఖర్చు 10వ రౌండ్ అయితే, ఓనర్‌కి 7 రౌండ్ల లాభం. ప్రతి టీమ్‌లో ఈ లాభం ఎవరి మీద ఎక్కువో వాళ్ళే కీపర్లు. ఒక్కో టీమ్ ఐదుగురిని ఉంచుకుంటే 60 మంది లిస్ట్ నుంచి పోతారు. టాప్ 40లో 28 మంది అలా వెళ్ళిపోయారనుకోండి, మిగిలేది 12 మంది. ఫస్ట్ రౌండ్‌కి కావాల్సింది కూడా 12 మందే. అంటే 40వ ర్యాంక్ ప్లేయర్ కూడా ఫస్ట్ రౌండ్‌లోనే పోవచ్చు!

మిగిలేవాళ్ళు ఎక్కువగా మూడు రకాలు.

ఒకటి, ఖరీదైన స్టార్లు. రొనాల్డ్ అకునా జూనియర్‌నే చూడండి. 2023లో 41 హోమ్ రన్లు, 73 స్టోలెన్ బేసులు. 2024 డ్రాఫ్టుల్లో ఆయనది ఫస్ట్ రౌండ్ ధరే. ఆ మే నెలలో మోకాలి లిగమెంట్ తెగి సీజన్ మొత్తం పోయింది. 2025లో అదే ధరకి ఉంచుకోవాలంటే ఏ ఓనరైనా ఆలోచిస్తాడు. వదిలేస్తే ఆయన మళ్ళీ లిస్ట్‌లోకి వస్తాడు.

దీనికి పూర్తి ఆపోజిట్ పాల్ స్కీన్స్. 2024 మార్చిలో డ్రాఫ్టులు జరిగేటప్పటికి ఆయన మేజర్ లీగ్స్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. మే 11న డెబ్యూ. సీజన్ చివరికి ఈఆర్‌ఏ, అంటే తొమ్మిది ఇన్నింగ్స్‌కి ఇచ్చే సగటు పరుగులు, 1.96. చివరి రౌండ్లలో ఆయన్ని తీసుకున్నవాళ్ళు మర్నాడు ఎందుకు వదులుతారు? ర్యాంకింగ్ లిస్ట్‌లో ఎంత పైన ఉన్నా, అలాంటి పేరు మీద గీత కొట్టేయండి.

రెండు, కొత్తగా వచ్చేవాళ్ళు. 2023 డిసెంబర్‌లో యోషినోబు యమమోటో, 2025 జనవరిలో రోకి ససాకి జపాన్ నుంచి డాడ్జర్స్‌కి వచ్చారు. మామూలు లీగుల్లో వీళ్ళకి పాత ఓనర్ ఉండడు, కాబట్టి కీపర్ అయ్యే ప్రశ్నే లేదు. మూడు, సొంత టీమ్‌లో కీపర్ లైన్‌కి ఒక్క మెట్టు కింద ఆగిపోయినవాళ్ళు. బలమైన టీమ్‌లో ఆరో బెస్ట్ ప్లేయర్ అన్నమాట.

మిగిలినవాళ్ళు తెలిశారు. ఇక ఎవరు ఎవర్ని తీసుకుంటారు? చాలా లీగుల్లో పోయిన ఏడాది చివర్లో ఉన్న టీమ్‌కి ఫస్ట్ పిక్. ఆ ఓనర్ ఈ ఏడాదే గెలవాలనుకోకపోవచ్చు. 20, 21 ఏళ్ళ కుర్రాడిని చవగ్గా నాలుగేళ్ళు ఉంచుకోవచ్చని చూస్తాడు. పైన ఉన్న టీమ్ తన కీపర్లలో లేనిది వెతుకుతుంది. ఐదుగురూ భారీ హిట్టర్లే అయితే వేగం కావాలి, లేదా ఒక మంచి పిచర్ కావాలి. కాబట్టి ప్రతి టీమ్ పక్కన దాని అవసరం ఒక్క ముక్కలో రాసుకోండి.

ఇప్పుడు మీ డబ్బా సంగతి. మీది 7వ పిక్, మీకు ఒక ప్లేయర్ కావాలి. మీ ముందు ఆరుగురు ఉన్నారు. ఒక్కొక్కరూ ఆయన్ని తీసుకునే ఛాన్స్ 20 శాతమే అనుకుందాం. తక్కువే కదా అనిపిస్తుంది. కానీ 0.8ని ఆరుసార్లు గుణిస్తే వచ్చేది 0.26. అంటే ఆయన మీదాకా వచ్చే ఛాన్స్ నాలుగింట ఒక వంతు. అదే 3వ పిక్‌కి మారితే ముందు ఇద్దరే, ఛాన్స్ 64 శాతం. ఆ తేడా కోసం ఒక కీపర్‌ని ట్రేడ్ చేయాలా వద్దా? ఈ నిర్ణయం డ్రాఫ్ట్ రోజు కాదు, కీపర్ల డెడ్‌లైన్ ముందే తీసుకోవాలి. తర్వాత ఎవరు ఎవర్ని ఉంచుకున్నారో అందరికీ తెలిసిపోతుంది, అప్పుడు మీ షీట్‌కి విలువే ఉండదు.

పన్నెండు పేర్లూ కరెక్ట్‌గా చెప్పాలని కూర్చోవద్దు. ఎవరో ఒకరు తన ఫేవరెట్ టీమ్ ప్లేయర్‌ని ప్రేమతో తీసేసుకుంటాడు, అక్కడి నుంచి లిస్ట్ అంతా కదులుతుంది. మీ పిక్ దగ్గర మిగలబోయే ఇద్దరు ముగ్గురు ఎవరో తెలిస్తే చాలు.

ఇంకో మాట. నేను చెప్పింది ఫ్రెండ్స్ మధ్య సరదాగా ఏడాదంతా నడిచే లీగ్ గురించి. ఇండియాలో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ గేమ్స్‌ని 2025లో చట్టం చేసి నిషేధించారు. అలాంటి యాప్‌ల జోలికి వెళ్ళొద్దు.

మీ లీగ్‌లో ఎంతమంది కీపర్లు, మీది ఎన్నో పిక్, కామెంట్‌లో పెట్టండి, లెక్క కలిసి వేద్దాం. ఉంటాను ఫ్రెండ్స్, బై.