వాబిట్ ట్రబుల్

వాబిట్ ట్రబుల్ 1941 డిసెంబర్ 20న విడుదలైన అమెరికన్ కార్టూన్ లఘుచిత్రం. వార్నర్ బ్రదర్స్ వారి మెర్రీ మెలొడీస్ వరుసలో వెలువడిన ఈ చిత్రానికి బాబ్ క్లాంపెట్ దర్శకుడు, లియోన్ ష్లెసింగర్ నిర్మాత. నిడివి సుమారు 8 నిమిషాలు. సెలవులలో విశ్రాంతి కోరి అడవికి వెళ్ళిన ఎల్మర్ ఫడ్, బగ్స్ బన్నీ అనే కుందేలు చేతిలో పడిన అగచాట్లు దీని ఇతివృత్తం.

పేరు

ఎల్మర్ 'ర', 'ల' శబ్దాలను 'వ'గా పలుకుతాడు. కనుక కుందేలుకు ఇంగ్లీషు పేరైన 'ర్యాబిట్' అతని నోట 'వాబిట్' అయినది. చిత్రారంభంలో సాంకేతిక నిపుణుల పేర్లు కూడా ఇదే పద్ధతిలో వ్రాయబడ్డాయి. దర్శకుని పేరు 'వోబర్ట్ క్వాంపెట్'గా కనిపిస్తుంది.

కథ

ఎల్మర్ తన కారులో జెల్లోస్టోన్ జాతీయ ఉద్యానవనానికి చేరి, తెలియక బగ్స్ బొరియ ప్రక్కనే గుడారం వేస్తాడు. (ఈ పేరు అమెరికాలోని ఎల్లోస్టోన్ ఉద్యానవనం పేరును అనుకరిస్తూ పెట్టినది.) బగ్స్ ఆ గుడారాన్ని బొరియలోకి లాగి, ముడులు వేసి తిరిగి పంపుతుంది. నిద్రిస్తున్న ఎల్మర్‌కు నల్లరంగు పూసిన కళ్ళజోడు తగిలిస్తుంది. అతడు పట్టపగలే రాత్రి అయిందని భ్రమించి పడుకోగానే, కళ్ళజోడు తీసివేసి కోడిలా కూస్తుంది. ముఖం కడుక్కొని తువ్వాలు కోసం తడుముకుంటున్న వాడిని, తువ్వాలు ఆశ చూపుతూ కొండ అంచు దాటిస్తుంది. గాలిలో నిలబడి లోయ అందాన్ని మెచ్చుకున్న తరువాత గాని ఎల్మర్‌కు తానెక్కడున్నదీ తెలియదు.

ఆపై ఎలుగుబంటి ఎదురవుతుంది. కదలకుండా పడుకోవాలన్న పుస్తకంలోని సలహాను ఎల్మర్ పాటిస్తాడు. ఎలుగు వెళ్ళిపోయినా, బగ్స్ దానిలా గుర్రుమంటూ అతడిని వణికిస్తుంది. చివరకు సామాను సర్దుకొని వెళ్ళిపోతూ, ప్రశాంతత లభిస్తుందని చాటే ఉద్యానవనపు బోర్డును ఎల్మర్ గొడ్డలితో ముక్కలు చేస్తాడు. ప్రభుత్వ ఆస్తిని ధ్వంసం చేసిన నేరానికి జైలు పాలవుతాడు. కుందేలు, ఎలుగుల పీడ విరగడైందని సంతోషిస్తుండగా, అవి రెండూ అదే గదిలో ఖైదీలుగా కనిపిస్తాయి.

విశేషాలు

* క్లాంపెట్ పేరుతో వచ్చిన తొలి బగ్స్ బన్నీ చిత్రమిది. బగ్స్‌కు మెల్ బ్లాంక్, ఎల్మర్‌కు ఆర్థర్ క్యూ. బ్రయాన్ గాత్రం అందించారు. సంగీతం కార్ల్ స్టాలింగ్.
* ఎల్మర్ ఇందులో మొదటిసారిగా లావుగా కనిపిస్తాడు. స్థూలకాయుడైన బ్రయాన్‌ను పోలి ఉండేటట్లు ఈ రూపాన్ని గీశారు. 1942లో మరికొన్ని చిత్రాల తరువాత దీనిని విడిచిపెట్టారు.
* టెక్స్ ఏవరీ తీసిన 'ఎ వైల్డ్ హేర్' (1940)లో ఎల్మర్ కుందేలును చంపవచ్చిన వేటగాడు. ఇందులో మాత్రం ఏ అపకారమూ తలపెట్టని యాత్రికుడు. కనుక ప్రేక్షకుడు నవ్వుతూనే అతనిపై జాలిపడతాడు. ఎదుటివారు కవ్వించనిదే బగ్స్ ఎవరి జోలికీ పోరాదన్న నియమాన్ని దర్శకుడు చక్ జోన్స్ తరువాతి కాలంలో తన చిత్రాలలో పాటించాడు. ఈ చిత్రం ఆ నియమానికి పూర్తిగా విరుద్ధమైనది.