మారిషసు తీరము - మన చెరకు సీమ

నేటి నిజామాబాదు జిల్లాలో సగమైనను లేని యొక ద్వీపము హిందూ మహాసముద్రమున గలదు. అదియే మారిషసు. బోధను రైతునకు అది బొత్తిగా పరాయి దేశము కాదు. 1834వ సంవత్సరము మొదలు లక్షలాది భారతీయులు అచ్చటి చెరకు తోటలకు ఒప్పంద కూలీలుగా కొనిపోబడిరి. వారిలో మన కోరంగి రేవున ఓడ నెక్కిన తెలుగువారును గలరు. అందుచే అచ్చటివారు తెలుగువారిని చిరకాలము ‘కోరంగీలు’ అనియే పిలిచిరి. నేటికిని ఆ ద్వీపమున ఉగాది ప్రభుత్వపు సెలవుదినము.

చెరకుపై రాబడి సన్నగిల్లగా ఆ దేశము సముద్రతీరమును నమ్ముకొన్నది. 2019లో అచ్చటికి వచ్చిన యాత్రికులు 13 లక్షలకు పైబడిరి. ద్వీపవాసుల సంఖ్య యంతకు లోపే! ధనము వచ్చినది, పనులు దొరకినవి. కాని తీరభూములు హోటళ్లకు కౌలునకు పోగా, స్థానికులకు సముద్రమునకు బోవు త్రోవ యిరుకైనది. పగడపు దిబ్బలు చెడినచో జాలరికి చేప దొరకదు, హోటలునకు అతిథి రాడు. అందుకే బ్లూబే అను కడలిభాగమును 2000లో రక్షిత ప్రదేశముగా నేర్పరచిరి.

2020 జూలై 25వ తేదీన ‘వకాషియో’ అను జపాను వారి ఓడ ఆ చేరువనే పగడపు దిబ్బ నెక్కినది. ఆగస్టులో సుమారు 1,000 టన్నుల నూనె కడలి పాలయ్యెను. ప్రజలు ప్రభుత్వపు ఏర్పాట్లకై కాచుకొని కూర్చుండలేదు. వేలాదిగా తీరమునకు వచ్చి, గుడ్డసంచులలో చెరకు ఎండుటాకు కూరి, కుట్టి, నూనెకు అడ్డుగా నీటిపై తేల్చిరి. ఏ చెరకుకై తాతలు నడుములు వంచిరో, దాని చెత్తయే మనుమలకు కడలిని కాచు కంచె యయ్యెను. హోటలు నిండినను నిండకున్నను, ఆ తీరమున బ్రదుకవలసినవారు వారే.

ఈ వృత్తాంతమున మన సీమకు పాఠమున్నది. 1931లో ముగిసిన నిజాంసాగరపు నీటిని నమ్మి బోధనులో చక్కెర కర్మాగారము వెలసినది; ఆ కర్మాగారమును నమ్మి రైతు చెరకు నాటెను. 2015లో అది మూతపడినపుడు ఏమి జరిగెనో, చెరకు విడిచి వరి పట్టిన రైతునే యడుగుడు. ఒక్క ఆధారమును నమ్ముట యెంత అపాయమో, ఆ ఆధారముపై స్థానికునకు మాట చెల్లకుండుట అంతకు మించిన అపాయము.

రేపు నిజాంసాగరపు గట్టునకు యాత్రికులను రప్పింపదలచినచో, ముందుగా చెరువున వలవేయు జాలరిని, కాలువక్రింది రైతును కూర్చుండబెట్టి యడుగవలెనని మా మనవి. అతిథిని పిలుచుట మంచిదే. ఇంటి తాళపుచెవి మాత్రము ఇంటివానియొద్దనే యుండవలెను.