నాలుగు వరుసల వాంగ్మూలం

వైఫై గుర్తు నిండుగా వెలుగుతున్నా ఒక్క పేజీ కూడా తెరుచుకోనప్పుడు హనుమకొండ, కాజీపేట, వరంగల్ ఇళ్లలో వినిపించేది ‘నెట్ రావట్లేదు’ అన్న ఒకే మాట కాగా, దానికి కారణం ప్రతిసారీ తెగిన కేబులే కానక్కరలేదు, చాలాసార్లు అది కంప్యూటర్ సెట్టింగ్స్‌లోనే ఉంటుంది. రౌటర్‌ను ఆపి మళ్లీ వేసే అలవాటు వల్ల ఒక్కోసారి నెట్ వస్తుంది గానీ, లోపం ఏమిటో తెలియకుండానే పోతుంది. విండోస్ కమాండ్ ప్రాంప్ట్‌లో ‘ఐపీకాన్ఫిగ్ /ఆల్’ అనే ఆదేశాన్ని ఆంగ్ల అక్షరాల్లో ఇస్తే వచ్చే జాబితాలో ఐపీ చిరునామా, సబ్‌నెట్ మాస్క్, డిఫాల్ట్ గేట్‌వే, డీఎన్ఎస్ సర్వర్ అనే నాలుగు వరుసలుంటాయి. ఫిర్యాదు చేసే ముందు ప్రతి ఇంట్లోనూ చదవదగిన పత్రం అదే.

మొదటి వరుసలో 169.254తో మొదలయ్యే సంఖ్య ఉంటే, చిరునామాలను పంచిపెట్టే డీహెచ్‌సీపీ అనే ఏర్పాటు నుంచి జవాబు రాక కంప్యూటర్ తనకు తానే ఒక చిరునామా పెట్టుకుందని అర్థం. దానితో అదే నెట్‌వర్క్‌లోని మరో యంత్రాన్ని చేరవచ్చు గానీ ఇంటర్నెట్‌ను చేరడం కుదరదు. 1959లో పుట్టిన నేటి నిట్, 1976 నాటి కాకతీయ విశ్వవిద్యాలయం, 2020లో మడికొండకు వచ్చిన ఐటీ కంపెనీలు ఉన్న వరంగల్ నగరంలో ల్యాప్‌టాప్‌లు ఒక నెట్‌వర్క్ నుంచి మరొకదానికి మారుతూనే ఉంటాయి కాబట్టి, ఇక్కడ ఇంకో చిక్కుకూ ఆస్కారముంది. ఒకచోట 10తో మొదలయ్యేలా చేత్తో నింపిన స్టాటిక్ చిరునామా, 192.168.1.1ను గేట్‌వేగా, అంటే బయటికి పోయే ద్వారంగా వాడే ఇంటి రౌటర్ దగ్గర చెల్లదు. సబ్‌నెట్ మాస్క్ ఆ ద్వారాన్ని వేరే వీధిలోనిదిగా లెక్కిస్తుంది గనుక, చిరునామా తనంతట తానే వచ్చే అమరికకు మార్చితేనే దారి దొరుకుతుంది.

8.8.8.8 అనే బయటి చిరునామాకు పింగ్ చేస్తే, అంటే చిన్న పలకరింపు పంపితే, జవాబు వస్తూ కూడా పేరుతో ఏ సైటూ తెరుచుకోకపోతే, దోషం పేర్లను సంఖ్యలుగా మార్చే డీఎన్ఎస్ వరుసలో ఉన్నట్టు భావించవచ్చు. ఇటువంటి పొరపాట్లు అనుభవం లేనివారికే జరుగుతాయనుకోవడం సరికాదు: 2021 అక్టోబరు 4న నిర్వహణ పనిలో ఇచ్చిన ఒక ఆదేశం ఫేస్‌బుక్ డేటా కేంద్రాల మధ్య సంబంధాన్ని తెంచివేయగా, ఆ సంస్థ డీఎన్ఎస్ సర్వర్లకు దారి చూపే ప్రకటనలు కూడా ఉపసంహరణ అయి, వాట్సాప్‌తో సహా దాని సేవలు దాదాపు ఆరు గంటలు నిలిచిపోయాయి.

ఈ వరుసల వెనకున్న ఏర్పాట్లు మన ఇళ్లకు ఇంటర్నెట్ రాకముందే పుట్టినవి. 1981లో స్థిరపడిన ఐపీ నాలుగో రూపం ఇవ్వగలిగినవి దాదాపు 430 కోట్ల చిరునామాలే. 1983లో డీఎన్ఎస్, 1993లో డీహెచ్‌సీపీ వచ్చాయి, 1995 ఆగస్టు 15న టెలికాం సంస్థ వీఎస్ఎన్ఎల్ భారత ప్రజలకు ఇంటర్నెట్‌ను అందించింది.

మిగిలిన చిక్కులు

సైటు పేరుతో పంపిన పింగ్‌కు కూడా జవాబు వస్తూ బ్రౌజర్ మాత్రం మొరాయిస్తే, పాత క్యాంపస్ లేదా ఆఫీసు ప్రాక్సీ, అంటే మధ్యవర్తి సర్వర్ అమరిక, మిగిలిపోయిందేమో చూడాలి. కంప్యూటర్ తేదీ తప్పినా భద్రతా ధ్రువపత్రాలు చెల్లక సైట్లు తెరుచుకోవు. రెండు యంత్రాలకు ఒకే చిరునామా పడితే నెట్ వస్తూ పోతూ ఉంటుంది. అన్నీ చూశాక ‘నెట్‌వర్క్ రీసెట్’ చేయదలిస్తే, చేత్తో నింపిన సంఖ్యలన్నీ చెరిగిపోతాయి కాబట్టి, ఆ నాలుగు వరుసలను ముందే ఫోన్‌తో ఫొటో తీసి పెట్టుకోవాలి.