విడిభాగాలు దొరకని పాత డ్రమ్ సెట్టుకు మరమ్మతు

లక్ష్యాలు

ఈ పాఠాన్ని చదివిన తరువాత మీరు:
• తాళ్ల వాద్యానికీ, మరలతో బిగించే వాద్యానికీ మరమ్మతులో ఉన్న తేడాను వివరించగలుగుతారు.
• పాత టెన్షన్ రాడ్డు మరచుట్టును కొలిచి గుర్తించగలుగుతారు.
• దొరకని భాగానికి బదులు ఏది వాడవచ్చో, ఏది వాడకూడదో నిర్ణయించగలుగుతారు.

1. పరిచయం

జగిత్యాల జిల్లా మేడిపల్లిలో ఒక బ్యాండు మేళం ఉందనుకుందాం. వాళ్ల ఇంట్లో పెద్దల కాలం నాటి డ్రమ్ సెట్టు ఒకటి ఉంది. పెళ్లిళ్ల కాలం దగ్గర పడింది. స్నేర్ డ్రమ్ము రాడ్లలో రెండు విరిగాయి, ఒక లగ్ పగిలింది. కోరుట్లలో హార్డ్‌వేర్ దుకాణాలన్నీ తిరిగినా సరిపోయే రాడ్డు దొరకలేదు. ఇప్పుడు ఆ డ్రమ్ము అటకెక్కితే దానితోపాటు ఆ సీజను సంపాదన కూడా పోతుంది. తొందరపడి ఏదో ఒక బోల్టు దిగగొడితే డ్రమ్మే పాడవుతుంది. ఈ రెండింటికీ మధ్య ఉన్న దారిని ఈ పాఠంలో తెలుసుకుందాం.

2. రెండు రకాల వాద్యాలు

మన ప్రాంతపు డప్పును గమనించండి. చెక్క వలయానికి మేకతోలు బిగిస్తారు. శ్రుతి తగ్గితే మంట దగ్గర కాస్తారు. ఒగ్గు కథలో వాయించే డోలుకు తాళ్లే బిగింపు. తోలు చిరిగినా, తాడు తెగినా కావలసిన వస్తువు ఊళ్లోనే దొరుకుతుంది. చేసే మనిషి కూడా ఊళ్లోనే ఉంటాడు.

డ్రమ్ సెట్టు సంగతి వేరు. అది కర్మాగారంలో పుట్టిన వాద్యం. 1909లో చికాగోలో లుడ్విగ్ సోదరులు కాలితో తొక్కే బేస్ డ్రమ్ము పెడల్ తయారీ మొదలుపెట్టిన తరువాత ఒకే మనిషి కూర్చుని అనేక డ్రమ్ములు వాయించే పద్ధతి బాగా స్థిరపడింది. 1950ల చివరి నుండి దూడతోలు స్థానంలో మైలార్ అనే ప్లాస్టిక్ పొర వచ్చింది. రిమ్ము, రాడ్డు, లగ్, స్నేర్ తీగలు అన్నీ ఒక కంపెనీ కొలతకు కట్టుబడినవే. ఆ కంపెనీ ఆ భాగాన్ని చేయడం మానేస్తే వాద్యం బాగున్నా బిగింపు ఆగిపోతుంది. కాబట్టి ఇక్కడ మరమ్మతు కొలతతో మొదలు కావాలి.

3. మరచుట్టును కొలవడం

మన దుకాణాల్లో సులభంగా దొరికే బోల్టులు మెట్రిక్ కొలతవి. వాటిని ఎం5, ఎం6 అంటారు. అమెరికా, జపాన్ డ్రమ్ములలో ఎక్కువ వాటికి వాడే రాడ్డు అంగుళాల కొలతది. దాని మందం సుమారు 5.5 మి.మీ. అంగుళానికి 24 చుట్లు ఉంటాయి. అంటే ఒక్కో చుట్టు దూరం 25.4 ÷ 24 = 1.06 మి.మీ. ఎం5 మందం 5 మి.మీ., చుట్టు దూరం 0.8 మి.మీ. ఎం6 మందం 6 మి.మీ., చుట్టు దూరం 1 మి.మీ. మందంలో పాత రాడ్డు ఈ రెండింటి నడుమ పడింది. మేడిపల్లి వాళ్లకు కోరుట్లలో రాడ్డు దొరకకపోవడానికి కారణం ఇదే.

వెర్నియర్ కాలిపర్స్ లేకపోయినా మీరు దీన్ని తేల్చుకోవచ్చు. విరగని రాడ్డును శుభ్రంగా తుడిచి, స్కేలు పక్కన పెట్టి 10 చుట్ల పొడవు చూడండి. 8 మి.మీ. వస్తే ఎం5, 10 మి.మీ. వస్తే ఎం6, పదిన్నర దాటితే అంగుళాల మర. అన్ని డ్రమ్ములూ ఒకటే అనుకోకండి. కొన్ని ఐరోపా డ్రమ్ములకు మెట్రిక్ మరలే ఉంటాయి. మీరట్ వంటి చోట్ల తయారైన బ్యాండు డ్రమ్ములను కూడా విడిగా కొలవాలి.

ఎం5 బోల్టు మర పాత రంధ్రం మరతో సరిగ్గా కలవదు, బిగువును నమ్మకంగా పట్టలేదు. ఎం6 బోల్టు ఒకటి రెండు చుట్లు బలవంతంగా ఎక్కి లోపలి మరను కొరికేస్తుంది. మొదటి దానితో పని జరగదు. రెండో దానితో మంచి భాగం కూడా పోతుంది.

4. బదులు భాగం చేయించడం

సిరిసిల్ల మరమగ్గాల పట్టణం. మగ్గాలకు కావలసిన ఇరుసులు, బుష్షులు కోసే లేతు పనివారికి రాడ్డు చేయడం పెద్ద పని కాదు. అయితే నోటిమాటగా చెప్పకండి. మంచి రాడ్డును నమూనాగా తీసుకెళ్లండి. "అన్నా, అంగుళానికి ఇరవై నాలుగు చుట్లు పడాలె, నీ లేతుకు ఆ గేర్లున్నయా?" అని ముందే అడగండి. లేవంటే రెండో మార్గం ఉంది.

రెండో మార్గంలో రాడ్డుతోపాటు లగ్ లోపలి చిన్న నట్టును కూడా మార్చాలి. ఇత్తడి కడ్డీతో అదే బయటి కొలతకు కొత్త నట్టు చేయించి, దానికి ఎం6 మర కోయించండి. పాత నట్టుకే కొత్త మర కోయవద్దు. ఎం6 మర కోయడానికి 5 మి.మీ. రంధ్రం కావాలి. పాత మర గాళ్లు దాదాపు 5.5 మి.మీ. వరకు ఉంటాయి. పాత గాళ్ల మీద కొత్తవి పడితే పట్టు నిలవదు. రిమ్ము చెవిలోని రంధ్రంలో కొత్త రాడ్డు స్వేచ్ఛగా తిరుగుతుందో లేదో కూడా చూసుకోండి. తీసిన పాత నట్టును పారేయకుండా పేరు రాసి డబ్బాలో దాచండి. రేపు అసలు రాడ్డు దొరికితే డ్రమ్మును మళ్లీ మొదటి స్థితికి తేవచ్చు.

పగిలిన లగ్‌ను వెల్డింగుకు ఇవ్వకండి. పాత లగ్‌లు చాలావరకు జింకు మిశ్రమంతో పోత పోసినవి. అవి 400 డిగ్రీల సెల్సియస్ లోపే కరుగుతాయి. వెల్డింగు వేడికి లగ్ కారిపోతుంది. పగులు చిన్నదైతే రెండు భాగాల ఎపాక్సీ జిగురుతో అతికి, లోపలి వైపు పలుచని లోహపు పట్టీ ఆన్చండి. పెద్దదైతే ఇత్తడి లేదా అల్యూమినియం ముక్కతో కొత్తది చేయించండి. దాని మరల రంధ్రాల మధ్య దూరం పాతదానితో సమానంగా ఉండాలి. గుల్లకు కొత్త రంధ్రం వేయకూడదు. గుల్లకు పడిన రంధ్రాన్ని మళ్లీ మాయం చేయలేం.

5. ఉన్నవాటిని సర్దడం

ఒకటి రెండు భాగాలే తక్కువైతే కొత్తవి చేయించేలోగా సర్దుబాటు చేయవచ్చు. దెబ్బల తాకిడి నేరుగా పై వైపుకు తగులుతుంది. కాబట్టి అసలు రాడ్లన్నీ అటువైపు పెట్టి, చేయించిన వాటిని కింది వైపుకు వాడండి. స్నేర్ తీగలను పట్టే దారం తెగితే సన్నని గట్టి నైలాన్ తాడు సరిపోతుంది.

తోలు కొనేముందు గుల్ల వ్యాసాన్ని కొలవండి. బ్రిటన్ ప్రీమియర్ కంపెనీ పాత డ్రమ్ములలో కొన్ని నేటి కొలతకన్నా కొంచెం పెద్దవి. 14 అంగుళాల కొత్త తోలు వాటిమీద కూర్చోదు. అప్పుడు డప్పు కట్టేవారి సహాయం తీసుకోండి. నానబెట్టిన పలుచని మేకతోలును గుల్లకు సరిపడే వలయానికి చుట్టి, అంచు మడిచి, నీడలో ఆరబెడితే తోలు సిద్ధమవుతుంది. వానాకాలంలో అది వదులవుతుంది, ఎండకు బిగుస్తుంది. వాయించిన తరువాత రాడ్లను కొంచెం సడలించి పెట్టాలి.

తుప్పు పట్టిన రాడ్డు కదలకపోతే బలం వాడకండి. కిరసనాయిలు చుక్కలు వేసి రాత్రంతా ఉంచండి. మెరుగు పూతను గరుకు కాగితంతో రుద్దవద్దు. తడిపిన అల్యూమినియం రేకుతో రుద్దితే క్రోమియం పూత గీసుకుపోకుండా పైతుప్పు వదులుతుంది. చివరగా బిగించేటప్పుడు వరుసగా కాకుండా ఎదురెదురు రాడ్లను ఒక్కోసారి అరచుట్టు చొప్పున తిప్పండి. ఒకే వైపు బలమంతా పడితే అతికిన లగ్ మళ్లీ పగులుతుంది.

6. సారాంశం

తాళ్ల వాద్యానికి సామాను ఊళ్లోనే దొరుకుతుంది. మరల వాద్యానికి కొలత తెలిస్తే సామాను ఊళ్లోనే చేయించవచ్చు. ముందు కొలవండి. బలవంతంగా దిగించకండి. వెనక్కి తీసుకోగలిగిన మార్పు మాత్రమే చేయండి. తీసిన ప్రతి భాగాన్నీ దాచండి. ఈ నాలుగు నియమాలు పాటిస్తే మేడిపల్లి డ్రమ్ము ఈ సీజనుకు మోగుతుంది, తరువాతి తరానికి చెడకుండా అందుతుంది.

మీ ప్రగతిని సమీక్షించుకోండి

1. ఒక రాడ్డుపై 10 చుట్ల పొడవు 10.6 మి.మీ. వచ్చింది. అది ఏ మర? ఎలా చెప్పగలరు?
2. పాత నట్టుకే ఎం6 మర ఎందుకు కోయకూడదు?
3. మీ ఊరిలో డప్పు, డోలు లేదా బ్యాండు వాయించేవారిని కలవండి. వారి వాద్యంలో ఏ భాగం త్వరగా పాడవుతుందో, దాన్ని ఎలా బాగుచేసుకుంటున్నారో అడిగి పది వాక్యాలలో రాయండి.