వేసవి మల్లెకు చలికాలపు కత్తెర

వేసవి అనగానే ఎండలతోపాటు మల్లెపూలు కూడా గుర్తుకు వస్తాయి. ఇంటి ముందు ఒక్క పొద ఉన్నా చాలు, సాయంత్రానికి వాకిలంతా పరిమళిస్తుంది. అయితే కొన్ని ఇళ్లలో మల్లె ఏపుగా పెరుగుతుంది కాని, పూలు మాత్రం అంతగా రావు. దీనికి కారణమేమిటి?

జాస్మినం సంబాక్ అని శాస్త్రజ్ఞులు పిలిచే ఈ మొక్కకు మొగ్గలు కొత్త చిగుళ్ల మీదనే వస్తాయి. ముదురు కొమ్మలు మిగిలిపోతే పూత తగ్గుతుంది. కనుక చలికాలంలో, అంటే నవంబరు చివరి నుండి జనవరి లోపు, కొన్నాళ్లు నీరు ఆపి, నేల నుండి సుమారు 50 సెంటీమీటర్ల ఎత్తులో కొమ్మలను కత్తిరించాలి. మిగిలిన ఆకులను దూసివేయాలి. పచ్చని పొదను అలా మోడు చేయడానికి మీకు మనసొప్పకపోవచ్చు. కాని జాలిపడి వదిలేస్తే ఆ వేసవిలో మిగిలేది ఆకులే.

ఆ తరువాత పశువుల ఎరువు వేసి తిరిగి నీరు పెట్టండి. మార్చి నాటికి మొగ్గలు కనిపిస్తాయి. రోజుకు కనీసం 6 గంటలు ఎండ తగలాలి. నత్రజని ఎరువు ఎక్కువైతే మళ్లీ ఆకులే పెరుగుతాయి.

మొగ్గలు చీకటిపడే వేళ విచ్చుకుంటాయి కనుక, మాల కట్టదలచినవారు ముందే కోసుకోవాలి. మన ఇళ్లలోని మల్లెకు సాధారణంగా గింజలు రావు. వానాకాలంలో ఒక కొమ్మను వంచి మట్టిలో తొక్కి ఉంచండి. వేరు పట్టాక ఆ మొక్కను పొరుగువారికి ఇవ్వండి. కత్తెర సంగతి కూడా తప్పక చెప్పండి.